ముందు నడిచిన గేదె

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు కర్రి నెమరు ఆపి లేచి నిలబడింది. అది లేస్తే మిగతా పది గేదెలూ లేచాయి. ఆసామి పాకకు అడ్డంగా ఉన్న గడ తీసి వెళ్లిపోతాడు. మందను ఏరు దాటించి లంకలో గడ్డికి చేర్చడం పద్నాలుగేళ్లుగా కర్రి పని. అందరికన్నా ముందు నడిచేది అదే.

రెండేళ్లుగా దాని కళ్లకు పొర కమ్ముతోంది. ఇప్పుడు వెలుగు, చీకటి తప్ప మరేమీ తెలియడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే వెనక నడవాలి.

గట్టు మీద నక్క కూర్చుని ఉంది. మూడు రోజులుగా దానికి తిండి లేదు. ఇసుక లారీల రొదకు ఎండ్రకాయలు కూడా ఏటి ఒడ్డు వదిలిపోయాయి. మంద ఇంకా పాక దగ్గరే ఉండగా, ముందుగా గట్టు చేరిన కర్రిని అది పలకరించింది.

"పెద్దమ్మా, నేనెటు ఉన్నానో చెప్పు చూద్దాం."

"కంపు ఎటు నుంచి వస్తోందో అటు."

"ముక్కు బాగానే ఉంది. నేనడిగేది కళ్ల మాట."

కర్రి ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నిన్న తుమ్మ మొద్దుకు గుద్దుకుని 'పక్కకు జరుగు' అని దాన్నే కసిరావు. భయపడకు, నేనెవరికీ చెప్పను. నా బాధ వేరే. నీ కూతురు బొల్లి రోజూ నీకు ఒళ్లు రాసుకుంటూ నడుస్తోందే, ఎందుకనుకున్నావు? అదను చూసి నిన్ను నెట్టేసి ముందుకు రావడానికే."

"బొల్లి అలాంటిది కాదు."

"కాకపోతే ఇవాళ దూరంగా నడవమను, ఒప్పుకుంటుందేమో చూడు. ఎప్పటిలాగే పాత రేవులో దాటించు. ఆ రేవు నీ కాళ్లకు తెలుసు, కళ్లతో పనేముంది?"

రాత్రికి రాత్రే పాత రేవులో పొక్లెయిన్ దిగి, తాటిచెట్టు లోతున ఇసుక తవ్వుకుపోయింది. ఆ సంగతి నక్క చెప్పలేదు.

మంద వచ్చింది. బొల్లి వెంట ఇరవై రోజుల దూడ ఉంది. అది ఏరు దాటడం అదే మొదటిసారి.

"అందరూ వెనక నడవండి. నా పక్కకు ఎవరూ రావద్దు," అంది కర్రి, పాత రేవు వైపు తిరిగి.

"అమ్మా, అటొద్దే. రాత్రి అక్కడ తవ్వారు. పైన జమ్ము దగ్గర దాటుదాం," అంది బొల్లి.

"నువ్వు పుట్టకముందు నుంచి ఇక్కడే దాటిస్తున్నాను. ఆ పొక్లెయిన్ మొన్న వచ్చింది."

"అందుకే చెబుతున్నా."

"నా చోటు కావాలంటే నోరు తెరిచి అడుగు. రేవుకు వంకలు పెట్టకు."

బొల్లి ఎడమ పక్కకు వచ్చి ఒళ్లు ఆనించింది. కర్రి కొమ్ము విసిరింది. బొల్లి మెడ చీరుకుపోయింది. అది వెనక్కి తగ్గింది. దూరంగా ఉండమన్నా ఆనుకుంది కాబట్టి నక్క మాట నిజమేనని కర్రికి రూఢి అయింది.

కర్రి నీళ్లలోకి దిగింది. దూడ అమ్మమ్మ వెనకే పరుగెత్తింది.

పదో అడుగులో కాళ్ల కింద ఇసుక జారిపోయింది. దూడను అందుకోవడానికి బొల్లి దూకింది. మిగతావీ దిగాయి. పెద్దవన్నీ ఈదాయి. దూడ సుడిలో పడింది. "అమ్మమ్మా!" అని రెండుసార్లు అరిచింది. కర్రి గిరగిరా తిరిగింది, ఎటు వెళ్లాలో తెలియలేదు. మూడో అరుపు వినిపించలేదు.

మధ్యాహ్నానికి దూడ దిగువన ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సాయంత్రం నక్క మూతి తుడుచుకుంటూ గట్టెక్కింది.

"నన్ను మోసం చేశావు," అంది కర్రి.

"రేవు నీ కాళ్లకు తెలుసన్నాను. తెలియదా మరి? నీకు తెలిసినది తవ్వక ముందటి పాత రేవు, అంతే."

మర్నాడు కర్రి ఎవరూ చెప్పకుండానే మంద చివరికి వెళ్లి నిలబడింది. వదలాల్సిన రోజున చోటు వదలని పెద్దల తప్పుకు పిల్లలు బలవుతారు.

తొమ్మిది రోజుల తర్వాత, దాని వీపు మీద పురుగులేరుకునే కొంగ ఒక మాట చెప్పింది. కర్రికి చూపు పోయిన సంగతి మందకంతా ఏడాదిగా తెలుసు. ఏడాదిగా బొల్లే ఒళ్లు ఆనించి దాన్ని రేవు దాటిస్తోంది. తల్లికి తెలియకూడదని అర అడుగు వెనక నడిచేది.