ఆమె సర్దిన చెప్పులు

ప్రసూనకి ఏ సాఫ్ట్‌వేరూ కుదరలేదు.

ఫిన్లాండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలతో ఉంటుంది ఆమె. భర్త సరుకు ఓడలో ఇంజినీరు. ఇంట్లో కన్నా సముద్రం మీద ఉండేదే ఎక్కువ. చిన్నది తుషారకి వేరుశనగ తగిలితే చాలు, గొంతు వాచిపోతుంది. అప్పుడు వేయాల్సిన సూదిమందు ఎక్కడుందో, ఎలా వేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో, పాస్‌పోర్టులు, బడి కాగితాలు, బీమా కాగితాలు... అన్నీ ఫోనులో ఒకచోట సర్ది పెట్టాలనుకుంది.

ఒకదాంట్లో ఫొటోలు సరిగా ఇమడలేదు. ఇంకోటి నెట్ లేకపోతే తెరుచుకోలేదు. మూడోదానికి అలవాటు పడేలోపే అంతా నాలుగోదాంట్లోకి మార్చడం మొదలుపెట్టింది. పిల్లలు నిద్రపోయాక ఆ ఇంట్లో కీబోర్డు చప్పుడు ఒక్కటే వినిపించేది. బయట మంచు. మెట్ల దగ్గర ఎదురింటి తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. ఆమె తలుపూ అంతే.

సెలవులకి అనంతపురం వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకుని కొండకింద దర్గాకి వెళ్లింది. అక్కడ ఉండే మస్తాన్ తాత ఆమెకి గురువు. కాలేజీ రోజుల నుంచీ ఏ చిక్కొచ్చినా ఆయన దగ్గరికే వస్తుంది.

"తాతా, వెతగ్గా వెతగ్గా రెండు సాఫ్ట్‌వేర్లు మిగిలాయి. ఒకటి వాడటానికి సులువు. ఒకటి గట్టిది, ఏదీ పోదు. ఏది తీసుకోను?"

"నాకు ఫోనెత్తి మాట్లాడేదే సరిగా రాదు పాపా. ఏం పెడతావు దాంట్లో?"

"అన్నీ. తుషార మందు దగ్గర్నుంచీ."

"ఏం మందు?"

"వేరుశనగ పడదు తాతా దానికి."

"అనంతపురం బిడ్డకి చెనిక్కాయలు పడవా!" తాత నవ్వి తుషార తల నిమిరాడు. ప్రసూన నవ్వలేదు.

"రేపు నాకేమన్నా అయితే వీళ్లు వెతుక్కోకూడదు. అక్కడ మాకెవరూ లేరు తాతా."

తాత ఆమె మొహం వంక చూశాడు. తర్వాత వేరే మాట ఎత్తుకున్నాడు.

"ఈ పొద్దు బేస్తవారం. చక్కెర మీద ఫాతెహా చదివించుకునేదానికి జనం వస్తారు. చెప్పులకాడ ఉండే ఖాసిం రాలేదు. నువ్వు చూసుకుంటావా?"

ప్రసూన కొంగు బిగించింది. జనం గడప ముందు ఎట్లా పడితే అట్లా వదిలిన చెప్పులన్నీ ఏరి, పక్కసందులోకి చేర్చింది. మగవాళ్లవి ఒక వరస, ఆడవాళ్లవి ఒక వరస, పిల్లలవి ఒకటి. పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా, మొనలన్నీ గోడవైపు. గడప ముందు ఒక్క జత లేదు. ఏది ఎవరిదో ఆమెకి బాగా గుర్తుంది. చాలా రోజుల తర్వాత ఆమెకి మనసు తేలికపడింది.

అంతలో తుషార దాహమంది. దాన్ని లోపలి నుంచే వెనకాల కొళాయి దగ్గరికి తీసుకెళ్లింది.

తిరిగి వచ్చేసరికి ఫాతెహా చదవడం అయిపోయింది. జనం గడపలో గుంపుగా, వట్టి కాళ్లతో నిలబడిపోయారు. బయట నేలంతా పల్లేరుకాయలు.

"ఎవురమ్మా, మా చెప్పుల్ని బడికి పంపించింది?" చక్కెర పొట్లం కొంగున కట్టుకున్న ముసలామె అడుగుతోంది.

"ఆయమ్మ వస్తే గానీ దొరకవంట. నిలబడవ్వా."

"ఆయమ్మ రాకపోతే?"

"రాకపోతే ఈడే కాపరం పెడదాం."

అందరూ నవ్వారు. ప్రసూన పరిగెత్తింది. "ఉండండి, ఉండండి! ఎవరిది ఏదో నాకు తెలుసు. నేనిస్తాను."

ఆమె కన్నా ముందే తాత సందులో ఉన్నాడు. ఒడినిండా చెప్పులు తెచ్చి గడప ముందు పోశాడు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో జతనీ మొన బయటికి తిప్పి పెట్టసాగాడు. వరస లేదు. తమ జత కనబడినవాళ్లు కాళ్లు దూర్చి నడిచిపోతున్నారు. ముసలామె వంగను కూడా లేదు. పాదంతోనే తడుముకుని, తొడుక్కుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

చివరికి ప్రసూనవీ పిల్లలవీ మిగిలాయి. తాత వాటినీ బయటికి తిప్పాడు.

"బాగా సర్దినావు పాపా," అన్నాడు మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "ఏది యాడుందో నీకు బాగా తెలుసు."

ప్రసూన గడప మీద కూర్చుంది. ఫోను తీసి పెద్దకూతురు వెన్నెల చేతికిచ్చింది.

"చెల్లికి గొంతు వాచింది అనుకో. నేను లేను. ఏం చేయాలో అందులో ఉంది. చూడు."

వెన్నెల ఒక ఫోల్డరు తెరిచింది. దాంట్లో ఇంకొకటి. దాంట్లో మరొకటి. వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. తర్వాత ఫోను ఒళ్లో పెట్టేసుకుంది.

"నేనైతే ఇది చూడనమ్మా. పరిగెత్తి ఎదురింటి తలుపు కొడతా."

"ఎదురింట్లో ఎవరుంటారు?"

వెన్నెల తల్లి వంక ఆశ్చర్యంగా చూసింది.

"నీకు తెలీదా?"

లోపల ఎవరో ఊదొత్తుల బూడిద ఊడుస్తున్నారు. ప్రసూన బయటికి తిరిగి ఉన్న తన చెప్పుల వంక చూసింది. తర్వాత లేచి వాటిలో కాళ్లు పెట్టింది.