అరికాలి చుక్క

అనగనగనగా, కాలవ గట్టు వెంబడి కొబ్బరితోటలు, ఆ తోటల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి కస్తూరి అని ఒక్కగానొక్క కూతురు. ఈ కథ ఆ కస్తూరిది. దుప్పటి మెడదాకా లాక్కో తల్లీ, చెబుతాను.

అచ్చియ్యమ్మ సింగారమంతా మూడే మూడు వస్తువులు. ఒంటికి పసుపు, కంటికి కాటుక, నుదుటికి చాదు. చాదంటే ఏంటంటావా? సగ్గుబియ్యం మూకుడులో పోసి నల్లగా మాడేదాకా వేయించాలి. అప్పుడు నీళ్ళు పోసి చిక్కగా ఉడికించాలి. ఆ తర్వాత పల్చటి గుడ్డలో వడకట్టి, కొబ్బరిచిప్పలో పోసి ఎండబెట్టాలి. అది చిప్పని కరుచుకుని నల్లరాయిలా అయిపోతుంది. కావాలన్నప్పుడు ఒక్క నీటిబొట్టు వేసి వేలితో రుద్దితే చాలు, నిగనిగలాడే నల్లబొట్టు.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉండేది. పాలకి తోడు వేసినట్టు, కొత్త చాదులో పాత చాదు చిటికెడు నూరి కలిపేవారు. అచ్చియ్యమ్మ చిప్పలో వాళ్ళమ్మ చాదుంది. అందులో ఆవిడ వాళ్ళమ్మ చాదుంది. ఎన్ని తరాల వేళ్ళు రుద్దాయో, ఆ చిప్ప నడుమ చిన్న గుంట పడింది. పిల్లకి పెళ్ళయ్యే రోజున తల్లి ఆ గుంటలోంచే వేలితో తీసి పిల్ల బుగ్గన చుక్క పెట్టాలి. దిష్టి తగలకూడదని. ఎంత దూరం పోయినా పుట్టింటి వేలు బుగ్గ మీద ఉన్నట్టే ఉంటుందని.

కస్తూరి పెద్దదయింది. అప్పుడు ఆ ఊళ్ళోకి పౌడరు డబ్బా వచ్చింది. ఆ తర్వాత మొహానికి రాసుకునే స్నో సీసా వచ్చింది. ఆ తర్వాత అట్ట మీద వరసగా అంటించిన స్టిక్కర్లు వచ్చాయి, ఎర్రవి, పచ్చవి, పాములా మెలికలు తిరిగినవి. కస్తూరి పసుపు మానేసింది. రాత్రి పడుకోబోయే ముందు బొట్టు తీసి అద్దానికి అంటించేది. తెల్లారి అచ్చియ్యమ్మ అద్దం ముందు నిలబడితే ఆవిడ మొహం నిండా కూతురి బొట్లే. ఆవిడ వాటిని పీకేది కాదు. పక్కకి వంగి, ఖాళీ ఉన్నచోట తన నుదురు చూసుకునేది.

"రావే, చాదు కాయడం నేర్పుతాను," అనేది.

"ఆ మసి పని నాకెందుకమ్మా? మొహమంతా పొగచూరిపోతుంది," అనేది కస్తూరి.

అప్పుడు కస్తూరికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది పట్నంలో ఉద్యోగం. పెళ్ళిరోజు పొద్దున్నే అచ్చియ్యమ్మ చిప్పలో నీటిబొట్టు వేసి, వేలితో రుద్ది, కూతురి బుగ్గన చుక్క పెట్టింది. పెట్టి, పారాణి పళ్ళెం తేవడానికి లోపలికెళ్ళింది.

కస్తూరి అద్దంలో చూసుకుంది. తెల్లటి పౌడరు మీద నల్లటి చుక్క, అదీ కాస్త వంకరగా. పట్నం వాళ్ళు నవ్వుతారేమో అనుకుంది. తువ్వాలు కొస తడిపి చుక్క తుడిచేసింది. దాని బదులు ఆవగింజంత స్టిక్కరు అంటించుకుంది. ఇటు తిరిగేసరికి గుమ్మంలో వాళ్ళమ్మ, చేతిలో పారాణి పళ్ళెం.

అచ్చియ్యమ్మ పళ్ళెంతో లోపలికొచ్చింది. కింద కూర్చుని కూతురి పాదం ఒళ్ళో పెట్టుకుంది. పారాణి పెట్టడం మొదలెట్టింది. ఎంతకీ అవదే.

"ఏం చేస్తున్నావమ్మా ఇంతసేపు? కాలు తిమ్మిరెక్కుతోంది," అంది కస్తూరి.

"అయిపోయిందమ్మా," అంది అచ్చియ్యమ్మ తల ఎత్తకుండానే.

పెళ్ళయింది. ఆ తర్వాత కస్తూరి అత్తారింట్లో నూతి గట్టు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, అరికాలి నడుమ నల్లగా ఏదో కనిపించింది. దారిలో తారేమో అనుకుంది. ఒకసారి రుద్దింది, పోలేదు. రెండోసారి రుద్దింది, పోలేదు. మూడోసారి రాయితో రుద్దింది. అప్పుడు ఆ నలుపు కరిగి వేలికి నిగనిగలాడుతూ అంటుకుంది. అప్పుడు తెలిసింది కస్తూరికి, అదేంటో. తెలిసేలోగా చెంబులో నీళ్ళు పోయనే పోసింది. నలుపంతా తూములోకి పోయింది.

ఈసారి ఊరెళ్ళినప్పుడు చెప్పాలి అనుకుంది. "చూశానమ్మా," అని ఆ ఒక్కమాట చెబితే చాలు. మొదటిసారి వెళ్ళింది, ఇంటినిండా చుట్టాలు. రెండోసారి వెళ్ళింది, ఒళ్ళో చంటిపిల్ల హిమజ, ఒకటే ఏడుపు. మూడోసారి వెళ్ళేసరికి అచ్చియ్యమ్మని వాకిట్లో పడుకోబెట్టేశారు. పుట్టింటి నుంచి కస్తూరి చీరలు తెచ్చుకోలేదు, గిన్నెలు తెచ్చుకోలేదు. ఆ కొబ్బరిచిప్ప ఒక్కటే తెచ్చుకుంది.

అప్పుడు తను కూడా చాదు కాద్దామని కూర్చుంది. మొదటిసారి సగ్గుబియ్యం బూడిదైపోయింది. రెండోసారి బూజు పట్టింది. మూడోసారి ఎండి, పెచ్చులుగా ఊడిపోయింది. అడుగుదామంటే చెప్పేవాళ్ళేరీ? తోడు వేసిందల్లా వృథా అయిపోయి, చివరికి చిప్ప గుంటలో మినపగింజంత పాత చాదు మిగిలింది. సరిగ్గా ఒక్క చుక్కకి వస్తుంది. ఇది నా హిమజ పెళ్ళికి అనుకుని, పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో దాచింది. అమ్మ చాదు అమ్మ మనవరాలి బుగ్గ మీదికి చేరిస్తే, తను తుడిచేసిన చుక్క తిరిగి పెట్టినట్టవుతుందని ఆవిడ ఆశ.

ఇంక హిమజ సంగతి వినాలి నువ్వు. ఆ పిల్లకి అద్దంతో పని లేదు, సెల్‌ఫోన్లోనే మొహం చూసుకునేది. పెదాలకి పద్నాలుగు రంగులు. మొహానికి ముందొక పూత, పైనొక పూత, ఆ పైన మెరుపుల పూత. కస్తూరి తలుపు దగ్గర నిలబడి చూసేది. "మొహం మీద ఇంకో మొహం ఎందుకే?" అనేది. "నీకేం తెలీదులే అమ్మా," అనేది హిమజ. ఆ మాట తనెక్కడో విన్నట్టుండేది కస్తూరికి. విన్నది కాదు, అన్నది.

హిమజ పెళ్ళిరోజు వచ్చింది. పార్లరు అమ్మాయి మూడు పెట్టెలతో దిగింది. మూడు గంటలు తలుపేసుకుని ముస్తాబు చేసింది. తలుపు తీసేసరికి హిమజ బొమ్మలా కూర్చునుంది. రెప్పల మీద అతికించిన రెప్పలు, బరువుకి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి.

కస్తూరి పట్టుగుడ్డ విప్పింది. చిప్పలో నీటిబొట్టు వేసింది. మినపగింజంత చాదూ కరిగి మొత్తం వేలికొచ్చేసింది. అప్పుడు కూతురి బుగ్గ దగ్గరికి వేలు తీసుకెళ్ళింది.

"ఆంటీ, ముట్టుకోకండి," అంది పార్లరు అమ్మాయి. "వేలు తగిలితే మొత్తం లేచొచ్చేస్తుంది. బుగ్గచుక్క నేను పెట్టేశానుగా, చూడండి, రాళ్ళది."

నిజమే, బుగ్గన ఒక రాయి మెరుస్తోంది. పోనీ చెవి వెనకాల పెడదామని జుట్టు తప్పించబోయింది కస్తూరి.

"అయ్యో ఆంటీ, అక్కడన్నీ క్లిప్పులే. ఊడితే మళ్ళీ గంట పని."

పోనీ అరచేతిలో పెడదామని హిమజ చెయ్యి తిప్పింది. అరచేయంతా గోరింటాకు, చుక్కంత చోటు లేదు. తొమ్మిది నెలలు మోసి, నలుగుపెట్టి ఒళ్ళు తోమి పెంచిన పిల్ల మీద కస్తూరికి వేలు ఆన్చే చోటు లేకపోయింది.

వేలి మీద చాదు ఆరిపోతోంది. చిప్పలో ఇంక లేదు. కస్తూరి తల దించుకుంది. దించుకుంటే కనిపించాయి, చీర కుచ్చిళ్ళ కింద రెండు పాదాలు. వాటికి ఏ పూతా లేదు, పారాణి తప్ప. చిన్నప్పటి పాదాలే.

అప్పుడు కస్తూరి కింద కూర్చుంది. కూతురి పాదం ఒళ్ళో పెట్టుకుని, అరికాలి నడుమ చుక్క పెట్టింది. పెట్టి, ఆ పాదాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఏం చేస్తున్నావమ్మా కింద?" అంది హిమజ. వంగి చూద్దామంటే రెప్పలు అడ్డం. "తొందరగా కానీ, కాలు తిమ్మిరెక్కుతోంది."

వాళ్ళమ్మ ఆ రోజు తల ఎందుకు ఎత్తలేదో కస్తూరికి అప్పుడర్థమైంది. తనూ ఎత్తలేదు.

"అయిపోయిందమ్మా," అంది.

ఆ తర్వాత అందరూ పెళ్ళి హాలుకి బయల్దేరారు. హిమజకి కింద సరిగ్గా కనిపించక, ఇంకా తడారని పసుపు గడప మీదే కాలు వేసేసింది. "గడప తొక్కకూడదే పిల్లా," అన్నారు వెనకాల ముసలమ్మలు. కారెక్కి వెళ్ళిపోయింది.

తాళం వేయడానికి కస్తూరి ఒక్కతే వెనక మిగిలింది. తలుపు దగ్గరికి లాగుతూ కిందికి చూసింది. పచ్చటి గడప మీద తడిగా నల్లటి మచ్చ. చుక్కలో సగం హిమజ కాలితో వెళ్ళింది, సగం ఇక్కడే ఉండిపోయింది.

కస్తూరి వంగింది. ఆ మచ్చని వేలితో తీసుకుంది. తీసుకుని, సరిగ్గా ముప్పై ఏళ్ళ కిందట తడి తువ్వాలుతో తుడుచుకున్న చోట, తన బుగ్గ మీద పెట్టుకుంది.

"చూశానమ్మా," అంది ఆ ఖాళీ ఇంట్లో.

పెళ్ళి హాల్లో వాళ్ళ పెద్దత్త నరసాయమ్మ ఎదురొచ్చింది. "అదేంటే కస్తూరీ, పెళ్ళికూతురి తల్లివి, బుగ్గకి మసేంటి? ఇలా రా, తుడుస్తాను," అని కొంగు తీసింది.

కస్తూరి బుగ్గకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వద్దత్తయ్యా. ఉండనీ. అది మా అమ్మ పెట్టింది," అంది.

ఏంటీ? హిమజ అరికాలు చూసుకుందా అంటావా? ఏమో తల్లీ. చూసుకునే ఉంటుంది. చూశానని చెప్పడానికి ఇంకా వీలు చిక్కలేదేమో.

చిప్పలో చాదు నిండుకుంది,
చెంపన చుక్క నిలిచుంది,
కథేమో కంచి దారి పట్టింది,
మా చిట్టితల్లికి కునుకు పట్టింది.