నాలుగు చక్రాలూ తోమినవాడు

సోమయాజులుగారిని ధర్మం గురించి అడిగితే ఎవరింట్లోనో జరిగిన సంగతి చెప్పేవారు. శ్లోకాల కోసం వచ్చినవాళ్లు మొహం చిన్నబుచ్చుకుని లేచిపోయేవారు. కనకారావు మాత్రం ఉద్యోగం నుంచి దిగిపోయిన దగ్గర్నుంచీ ఆయన ఇంటి అరుగు వదలలేదు. ఒక సాయంత్రం అతనే అడిగాడు.

"గురువుగారూ, చేసిన తప్పు నోటితో ఒప్పుకుని తీరాలా? సేవ చేసి తీర్చుకుంటే చాలదా?"

దానికి ఆయన చెప్పిన సంగతి ఇది.

ఒక అన్న తమ్ముడి కారు అడిగి తీసుకెళ్లాడు. దారిలో ఏమరుపాటున రోడ్డు మధ్య గట్టుకు గుద్దాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే అల్యూమినియం చక్రం అంచు చెక్కుకుపోయి ఉంది, లోపలివైపు వెంట్రుకంత పగులు. "చక్రం పగిలింది రా, మార్పించు" అంటే సరిపోయేది. తమ్ముడు కసిరే రకం కూడా కాదు. కానీ చిన్నప్పటి నుంచీ తమ్ముడికి బుద్ధులు చెప్పిన పెద్దమనిషికి, ఆ తమ్ముడి ముందు తప్పయిందనడానికి నోరెలా వస్తుంది!

పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. పగులులో లప్పం కూరాడు. పాత పూత ఊడగొట్టి, ముందు ముతక గరుకు కాగితంతో, తర్వాత సన్నదానితో, నీళ్లు చల్లుకుంటూ రుద్దాడు. పాలిష్ రాసి గుడ్డతో తోమితే చక్రంలో మొహం కనిపించింది. అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఒక్కటే తళతళలాడుతూ మిగతా మూడూ మాసి ఉంటే, దీనికేమైందని తమ్ముడు అడగడూ? అందుకని ఆ మూడూ విప్పి వాటినీ అలాగే రుద్దాడు. గోళ్లు నల్లబడ్డాయి, వేళ్ల చర్మం లేచిపోయింది.

కారు కోసం వచ్చిన తమ్ముడికి అది చూసి కళ్లనీళ్లు తిరిగాయి. "నా బండికి ఇంత చాకిరీ చేశావా అన్నయ్యా!" అన్నాడు. మరదలు ఇరుగుపొరుగుని పిలిచి "మా బావగారి చేతిపని" అని చూపించింది. ఆ పొగడ్తంతా అన్న కాదనకుండా పుచ్చుకున్నాడు. ఇక నిజం చెప్పడం ముందుకన్నా కష్టమైపోయింది.

కొన్నాళ్లకు తమ్ముడూ మరదలూ ఆ కారులో ఘాట్ రోడ్డు దిగుతుంటే మలుపులో ఆ చక్రం విచ్చిపోయింది. కారు కొండను గుద్దుకుంది. మరదలు అక్కడికక్కడే పోయింది. గుద్దిన దెబ్బకే చక్రం విరిగిందని అందరూ అనుకున్నారు. తమ్ముడు బతికాడు గానీ, దాన్ని బతకడం అనాలో వద్దో నాకు తెలియదు. "నేనే వేగంగా తోలాను అన్నయ్యా, దాన్ని నా చేతులతో నేనే చంపుకున్నాను" అంటాడు. విస్తరి ముందు కూర్చున్నా అదే మాట. అన్న అతన్ని తన ఇంటికి తెచ్చుకున్నాడు. స్నానం చేయిస్తాడు, అన్నం కలిపి తినిపిస్తాడు. "అలా అనకు రా, మన రాత" అంటాడు. అన్నంటే ఇలా ఉండాలని ఊరంతా మెచ్చుకుంటోంది.

సోమయాజులుగారు అక్కడ ఆపారు. కనకారావు "ఇదంతా మీకెలా తెలిసింది?" అన్నాడు.

"అతనే వచ్చి చెప్పుకుని ఏడ్చాడు. నువ్వడిగిందే అడిగాడు. వెళ్లి ఈ మాట మీ తమ్ముడితో చెప్పు నాయనా అన్నాను. మళ్లీ రాలేదు. పేరూ ఊరూ కూడా చెప్పలేదు."

కనకారావుకి ఆ అన్న మీద జాలి కలిగింది. "పోనీలెండి, సేవైనా చేస్తున్నాడు కదా!" అన్నాడు.

"బాగానే చేస్తూ ఉంటాడు. తమ్ముడు ఏడ్చినప్పుడల్లా దగ్గర కూర్చుని కళ్లు తుడుస్తూ ఉంటాడు" అన్నారు సోమయాజులుగారు. "ఆ ఏడుపు ఆపగలవాడు లోకంలో అతనొక్కడే."