ముప్పయ్యారు ప్రశ్నల దరఖాస్తు

వేములగిరి రాజు అనంగభూపతికి ఒకనాడు భోజనం కాగానే జాలి పుట్టింది.

“చదువుకోవాలని ఉండీ చేతిలో కాసు లేని పిల్లలకు ఖజానా నుంచి సాయం చేద్దాం. పేరయ్యా, దానికి దరఖాస్తు నువ్వు రాయి!” అన్నాడు.

ఆ పేరయ్యను నేనే. ఆస్థానంలో మహా తెలివిగలవాణ్ణని పేరు. ఆ పేరు ఊరంతా మోసుకు తిరిగింది కూడా నేనే. వారం రోజులు కూర్చుని ముప్పయ్యారు ప్రశ్నలు రాశాను. ఒక్కటీ ఎవరికీ అర్థం కాలేదు. కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. శాలువా కప్పారు.

సాయం పంచే పని భైరవామాత్యుడికి అప్పగించారు.

మూడు నెలలు గడిచాయి. గంగు అని, పడవ నడిపేవాడి కూతురు, నా తెలివి గురించి విని మా ఇంటికొచ్చింది. వైద్య పాఠశాలలో చోటు దొరికిందట. ఎల్లుండిలోగా రుసుము కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుందట.

“అయ్యా, ఈ పందొమ్మిదో ప్రశ్నకు వేరే అర్థమేమైనా ఉందా?” అంది.

‘జనక హస్తాంకితము అవశ్యము.’ చదివాను. మళ్లీ చదివాను.

“నాన్న సంతకం కావాలని... అనుకుంటానమ్మా.”

“మా నాన్న నిరుడు వరదలో పోయాడయ్యా. ఆ మాటే చెప్పాను. సంతకం లేనిదే చెల్లదని అమాత్యులవారు మూడుసార్లు తిప్పి పంపారు. అసలు ఇది రాసిన మహానుభావుడెవరు?”

“ఎవడో బుద్ధిలేనివాడు,” అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. “రేపు సభకు రా తల్లీ.”

మర్నాడు సభలో రాజు అడిగాడు: “ఇంతవరకు ఎందరికి సాయం అందింది?”

భైరవామాత్యుడు మీసం దువ్వాడు. “ఒక్కరికీ అక్కర్లేకపోయింది ప్రభూ! సరైన దరఖాస్తు ఒక్కటీ రాలేదు. అంటే తమ పాలనలో బీదలే లేరు!”

రాజు ఉబ్బిపోయి అతనికి బహుమానంగా ఇద్దామని చేతి కంకణం తీయబోయాడు.

“ప్రభూ, ఆగాలి,” అన్నాను. “ఆ కంకణమూ ఖజానా సొమ్మే. ఖజానా సొమ్ము ఏది పుచ్చుకున్నా, ఎవరైనా సరే, ఈ దరఖాస్తు నింపాలని దాని మీదున్న ఆజ్ఞలోనే ఉంది. తొందరలో అలా రాసి పారేసింది నేనే.”

రాజుకు సరదా వేసింది. “నింపవయ్యా భైరవా!”

అమాత్యుడు దర్జాగా కలం పట్టాడు. పద్దెనిమిది ప్రశ్నలు ఎలాగో ఈదాడు. పందొమ్మిదో దాని దగ్గర చెయ్యి ఆగింది.

“ఏమైంది?” అన్నాడు రాజు.

“మా నాన్నగారి సంతకం అడుగుతోంది ప్రభూ. వారు పోయి పదేళ్లయింది.”

“ఈ అమ్మాయి తండ్రీ పోయాడు,” అంటూ గంగును ముందుకు పిలిచాను. “సంతకం లేదని అమాత్యులవారు మూడుసార్లు వెనక్కి పంపారు.”

“అది నియమం!” అన్నాడు భైరవుడు.

“దరఖాస్తు పూర్తికాలేదు కాబట్టి రాజ్యంలో బీదలు లేరంటే, ఇప్పుడు అమాత్యులవారూ లేనట్టే ప్రభూ! కంకణం ఎవరికిస్తారు?”

సభ గొల్లుమంది. రాజు కళ్లు తుడుచుకుంటూ నవ్వి, కంకణం మళ్లీ చేతికి తొడుక్కున్నాడు. గంగు రుసుము ఆ పూటే కట్టించాడు. భైరవుడు తల వంచుకుని తన చోట కూర్చున్నాడు.

“పేరయ్యా, నీకేం కావాలి?”

“నాకూ చదువుకు సాయమే ఇప్పించండి ప్రభూ. మనుషులకు అర్థమయ్యేలా రాయడం నేర్చుకోవాలి.”

“గురువు కోసం వెతకడమెందుకు? ఈ పిల్ల చెబుతుంది, నువ్వు రాయి!” అన్నాడు రాజు.

గంగు చెప్పింది. నేను రాశాను. మూడే ప్రశ్నలు. రెండు చోట్ల నా తప్పులు దిద్దింది కూడా. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది భైరవుడే.