బుట్టమ్మ అన్నం ముట్టని రోజులు

అనగనగా ఒక ఊళ్ళో, మగ్గాల చప్పుడుతోనే తెల్లవారే ఊళ్ళో, ఒక ముసలి పిల్లి అన్నం ముట్టడం మానేసింది. ఊ కొట్టు తల్లీ, ఊ కొడితేనే చెప్తాను.

ఆ పిల్లి పేరు బుట్టమ్మ. కండెల బుట్టలో పుట్టింది కాబట్టి ఆ పేరు. కండె అంటే నేతకి నూలు చుట్టుకునే చిన్న పుల్ల. ఆ బుట్ట భద్రమ్మది. పిల్లీ భద్రమ్మదే. ఆ రెండూ తప్ప ఆ ఇంట్లో ఆవిడదని చెప్పుకోడానికి ఇంకేమీ లేదు.

భద్రమ్మ ఎవరంటే, ఆ ఇంటి పెద్ద గురవయ్యకి అక్క. పెళ్ళయిన రెండో ఏడే మొగుడు పోతే తమ్ముడి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత గురవయ్య భార్య పురిట్లో పోయింది. అప్పుడు ఆ పసివాణ్ణి, కోటిలింగాన్ని, భద్రమ్మే పెంచింది. వంట చేసింది, కండెలు చుట్టింది, ఆ వీధిలో నేతపనికి ఎవరు పిలిచినా వెళ్ళి సాయం చేసింది. తిని కూర్చుంటోందని ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరో అంటారేమోనని ఆవిడే ఎప్పుడూ కూర్చోలేదు.

కోటిలింగం పెద్దవాడయ్యాడు. పున్నమ్మని పెళ్ళి చేసుకున్నాడు. ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకి రెండేళ్ళొచ్చేసరికి, ఒక వేసవిలో, భద్రమ్మకి జ్వరం తగిలింది. మూడు రోజులు మంచం మీద ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ పగలు పడుకోవడం అదే మొదలు.

మూడో రోజు పొద్దున ఆవిడ పున్నమ్మ మణికట్టు పట్టుకుంది.

"అమ్మాయ్, బుట్టమ్మకి పెట్టడం మర్చిపోకే" అంది.

పున్నమ్మ అలాగే అత్తా అంది. ఆ తర్వాత భద్రమ్మ ఇంకేమీ అడగలేదు. అంతే, వెళ్ళిపోయింది.

పిల్లికి ఏం పెట్టాలో పున్నమ్మ అడగలేదు. పిల్లికి ఏం పెడతారో తెలియని వాళ్ళెవరు?

మర్నాడు పున్నమ్మ చిప్పలో పాలు పోసి పెట్టింది. బుట్టమ్మ వాసన చూసి, వెళ్ళి కండెల బుట్టలో ముడుచుకుంది. పాలు విరిగిపోయాయి.

ఆ తర్వాత ఎదురింటి నాంచారమ్మని అడిగి నాలుగు నెత్తళ్ళు తెచ్చి, వేయించి, ముళ్ళు తీసి పెట్టింది. ముసలి పిల్లి కదా, పళ్ళు లేవు, అందుకని మెత్తగా నలిపి మరీ పెట్టింది. బుట్టమ్మ చూడనైనా లేదు. ఆ చేపల్ని వీధిలో పిల్లులొచ్చి తినేసి పోయాయి.

అప్పుడు పున్నమ్మకి ఇంకో ఆలోచన వచ్చింది. అత్త కంచం తీసి, కడిగి, అందులో పెరుగన్నం కలిపింది. కంచం గుర్తుపడుతుందని ఆశ. బుట్టమ్మ ఆ కంచం కొత్తదన్నట్టు చూసింది. తొట్టి దగ్గరికి వెళ్ళి రెండు గుక్కలు నీళ్ళు తాగి, మళ్ళీ బుట్టలోకి పోయింది.

వారం తిరిగేసరికి దాని పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. పున్నమ్మ రోజూ పొద్దున్నే బుట్టలో చెయ్యి పెట్టి చూసేది, ఒళ్ళు వెచ్చగా ఉందో లేదోనని. పోయేవాళ్ళకి ఇచ్చిన మాట తల్లీ అది. ఆవిడ అడిగింది ఒక్కటే. ఆ ఒక్కటీ జరగడం లేదు.

పదో రోజు వచ్చింది. పిండం పెట్టారు. మామూలుగా ఆ పిండాన్ని కాకి ముట్టాలి. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు చుట్టాలంతా దణ్ణాలు పెట్టి, నీ కోరిక తీరుస్తాం అని మాటిస్తారు. ఆ రోజు ఆ అవసరం రాలేదు. పిండం పెట్టీ పెట్టగానే కాకులు వాలి మెతుకు లేకుండా తినేశాయి. గురవయ్య ఊపిరి పీల్చుకున్నాడు. అక్కకి ఏ లోటూ చెయ్యలేదని నలుగురితోనూ చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి చూస్తే పిల్లి అలాగే పడి ఉంది. అప్పుడు గురవయ్యకి కొత్త భయం పట్టుకుంది. కాకి ముట్టింది సరే, ఇది ముట్టడం లేదేమిటి? అక్క మనసు కాకిలో లేదు, ఈ పిల్లిలోనే ఉందన్నాడు. అని, పై మీద కండువా తీసి నడుముకి చుట్టుకుని, బుట్ట ముందు నిలబడి చేతులు జోడించాడు. అక్కా, నీ పేరున ఏడాది పొడుగునా గుడిలో దీపం పెట్టిస్తానన్నాడు. బుట్టమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ తర్వాత కోటిలింగం వచ్చి నిలబడ్డాడు. అత్తా, నీ ఫొటో పెద్దది చేయించి మగ్గం ఎదురుగా కడతానన్నాడు. అని పెట్టె తీసి ఫొటో కోసం వెతికాడు. ఎంత వెతికినా దొరకలేదు. వాళ్ళ పెళ్ళి ఫొటోల్లో ఒకదాని అంచున, పీటలు అందిస్తూ, భద్రమ్మ మోచెయ్యి మాత్రం పడింది.

నాంచారమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆవిడ నోరు ఊరుకునేది కాదు.

"బతికుండగా ఒక్కసారి అడిగుంటే సరిపోయేది కదయ్యా గురవయ్యా. ఇప్పుడు పిల్లికి దణ్ణాలెందుకు?" అంది.

గురవయ్య వినిపించుకోలేదు. అప్పుడు పిండం పెట్టించిన పంతులు ఒక ఉపాయం చెప్పాడు. పోయినామెకి ఏది ఇష్టమో అది వండి పిల్లికి పెట్టమన్నాడు. అదెంత పని అనుకున్నారు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. గారెలన్నాడు గురవయ్య. సేమ్యా పాయసమన్నాడు కోటిలింగం. పున్నమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. గారెలు మామయ్యకి ఇష్టం. పాయసం మొగుడికి ఇష్టం. భద్రమ్మ ఆ రెండూ వండడం తను చూసింది కానీ, తినడం ఎప్పుడు చూసింది?

అయినా వండింది. బుట్టమ్మ ముట్టలేదు. వండినవి పారెయ్యలేక మొగాళ్ళిద్దరూ తిన్నారు.

ఆ సాయంత్రమంతా పున్నమ్మకి అదే ఆలోచన. నాలుగేళ్ళు ఒకే వంటింట్లో మెలిగాం. ఒకే పొయ్యి ఊదుకున్నాం. ఆవిడ ఏం తినేదో నాకు తెలియదు.

పన్నెండో రోజు మైల తీరింది. అన్నాళ్ళూ ఆగిన మగ్గం మళ్ళీ ఆడాలి. మగ్గానికెక్కే ముందు నూలు పోగులకి గంజి పెడతారు తల్లీ, పోగు తెగకుండా. బియ్యపు నూకలు ముందురోజు నానేసి, జావలా ఉడకబెట్టి, గుడ్డలో వేసి పిండుతారు. కిందికి దిగిన గంజి నూలుకి. గుడ్డలో మిగిలిన పిప్పి పారెయ్యడానికి. ఆ వీధి మొత్తానికి, రోజుకో ఇంటి నూలుకి, గంజి కాచేది భద్రమ్మే. ఇప్పుడు ఆ పని పున్నమ్మ మీద పడింది.

పెరట్లో పెద్ద పొయ్యి వెలిగించి పున్నమ్మ నూకలు ఉడకబెట్టింది. పుల్లటి వాసన ఇల్లంతా కమ్మింది.

అప్పుడు బుట్టలో కదలిక వినిపించింది. రెండు రోజులుగా తల ఎత్తని బుట్టమ్మ కాళ్ళీడ్చుకుంటూ గడప దాటి పెరట్లోకి వచ్చింది. గంజి కుండ దగ్గరికి రాలేదు. పొయ్యి వెనకాల, గోడ మూల ఒక బండరాయి ఉంది. ఆ రాయి పక్కన కూర్చుని, రాయివైపే చూస్తూ ఒక్కసారి అరిచింది. అక్కడ ఎవరో ఉన్నట్టే అరిచింది.

పున్నమ్మ చేతిలో పిండిన గుడ్డ ఉంది. ఆ గుడ్డతోనే వెళ్ళి రాయి మీద కూర్చుంది. వెంటనే బుట్టమ్మ ముందుకాళ్ళు ఆవిడ మోకాలి మీద పెట్టింది. పున్నమ్మ గుడ్డ విప్పింది. పిప్పి ముద్ద కొంచెం అరచేతిలోకి తీసుకుని చాచింది. బుట్టమ్మ నాకింది. మళ్ళీ నాకింది. చెయ్యి శుభ్రమయ్యేదాకా నాకి, ఇంకా పెట్టమన్నట్టు చూసింది.

పున్నమ్మ సంతోషంతో నవ్వింది. పన్నెండు రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. ఇంకో ముద్ద తీస్తూ, నవ్వుతూనే, తల తిప్పింది.

రాయి మీద కూర్చుంటేనే కనబడేంత కింద, గోడలో ఒక చిన్న గూడు ఉంది. అందులో ఒక కొబ్బరి చిప్ప. చిప్పలో ఉప్పు. ఉప్పు మీద మూడు వేళ్ళతో తీసిన గుర్తు.

నూలు గంజిలో ఉప్పు వెయ్యరు తల్లీ. పిల్లులు ఉప్పు అద్దుకుని తినవు.

పున్నమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. ముద్ద చేతిలో పట్టుకుని ఆ ఉప్పునే చూస్తూ కూర్చుంది. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పిల్ల పాలు తాగే రోజుల్లో అత్త అన్న మాట: పాలిచ్చే తల్లివి, ముందు నువ్వు తినెయ్, నాకు పెరట్లో పనుంది. పిల్ల పాలు మానేసినా ఆ మాట మారలేదు. తనూ ముందు తినెయ్యడం మానలేదు. గిన్నె అడుగున ఏం మిగిలిందో చూడకుండా చెయ్యి కడుక్కునేది.

ఆ తర్వాత ఇంకొకటి గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన మొదటి రోజు అత్తే బియ్యం కొలిచే సోల చేతికిచ్చి చూపించింది. మన ఇంటికి మూడు సోలల బియ్యం చాలమ్మా అంది. అప్పట్నుంచీ ఎసట్లో మూడు సోలలే. ఇప్పుడు ఇంట్లో ఒక మనిషి తగ్గింది. ఈ పన్నెండు రోజులూ తను అదే మూడు సోలలు పోసింది. ఒక్క పూటైనా అన్నం మిగలలేదు.

ఆ మూడు సోలల్లో భద్రమ్మ ఎప్పుడూ లేదు.

పున్నమ్మ ఏడవలేదు. ముందు పిల్లికి కడుపు నిండా పెట్టింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం మొగాళ్ళిద్దరూ మగ్గం దిగి వచ్చి పీటల మీద కూర్చున్నారు. పున్నమ్మ రెండు కంచాల్లోనూ పిప్పి ముద్దలు పెట్టింది. పక్కన కొబ్బరి చిప్ప పెట్టింది. గురవయ్య అన్నమేదమ్మా అని అడిగాడు.

"మీ అక్కకి ఏది ఇష్టమో మొన్న మీరు చెప్పారు కదా మామయ్యా. ఇష్టం నాకు తెలీదు. తిన్నది మాత్రం ఇది."

అని, చూసిందంతా చెప్పింది. తను తిని లేచిపోయిన సంగతీ దాచలేదు.

కోటిలింగం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నోట్లోనే ఉంచుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఈ పిప్పి తిన్న చేత్తోనే కదా తల్లీ భద్రమ్మ వాడికి గోరుముద్దలు పెట్టింది. గురవయ్య అయితే కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. నాకెప్పుడూ చెప్పలేదే, ఒక్క మాట చెప్పుంటే పెట్టనా అన్నాడు.

"చెప్పలేదు నిజమే. మనమూ చూడలేదు" అంది పున్నమ్మ.

ఏడవడం తేలిక తల్లీ. పొయ్యి దగ్గరికెళ్ళి గిన్నె మూత తీసి చూడడమే ఎవరికీ చేతకాలేదు.

ఆ సాయంత్రం పున్నమ్మ ఎసట్లో నాలుగు సోలలు పోసింది. అందరూ ఒకేసారి కూర్చుని తిన్నారు. గిన్నెలో ఒక మనిషికి సరిపడా అన్నం మిగిలింది. తెల్లగా, పొడిపొడిగా, ఎవరూ చెయ్యి పెట్టని అన్నం. దాన్ని తినాల్సిన మనిషి ఇంట్లో లేదు. పున్నమ్మ అందులోంచి ఒక ముద్ద మెత్తగా పిసికి బుట్టమ్మకి పెట్టి చూసింది. అది వాసన చూసి పక్కకి జరిగింది. ఆ తర్వాత బతికిన మూడు నెలలూ పున్నమ్మ చేతిలో పిప్పి ముద్దే తింది కానీ, అన్నం ముట్టలేదు. వానలు మొదలయ్యాక ఒక పగటిపూట, ఆ రాయి మీదే పడుకుని, మళ్ళీ లేవలేదు.

రోజూ నాలుగు సోలలే. రోజూ మిగిలేది. వీధిలో ఎవరాకలితో కనబడితే వాళ్ళని పిలిచి పెట్టేది పున్నమ్మ. కొన్నాళ్ళు పోయాక కోటిలింగం, ఒక సోల తగ్గించరాదూ, మిగిలిపోతోంది కదా అన్నాడు.

"మిగలనీ" అంది పున్నమ్మ. "ఇంట్లో అన్నం మిగిలితేనే, అందరూ తిన్నారని నాకు నమ్మకం."

ఊ కొట్టడం మానేశావేం? కళ్ళు తుడుచుకో. ఇలా దగ్గరికి జరుగు. నేను తిన్నానమ్మా, కడుపు నిండా తిన్నాను. నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను. రేపు మీ అమ్మని కూడా అడుగు.

గంజి చల్లారింది, గిన్నె నిండింది,
బుట్టమ్మ కళ్ళు మూసి బండపై ఒరిగింది,
కథేమో కంచి దారిలో కాలు పెట్టింది,
మన ఇంట్లో మనముంటే నిద్ర ముంచుకొచ్చింది.