రెక్కెత్తిన కారు

కేదారి కష్టమల్లా ఒకటే. చెప్పుల దగ్గర కూర్చున్న మనిషి ఎవరో జనానికి తెలియడం లేదు.

గువ్వలగుట్ట దర్గాలో హజ్రత్ యూసుఫ్ షా దగ్గరికి శిష్యరికానికి వచ్చినవాళ్ళకి మొదట అప్పగించే పని అదే. గడప బయట కూర్చుని, లోపలికి పోయేవాళ్ళ చెప్పులు జత చెదరకుండా సర్దాలి. వాళ్ళు తిరిగొచ్చేసరికి కాళ్ళు దూర్చుకోవడానికి వీలుగా బయటివైపు తిప్పి ఉంచాలి. అంతే. జపం లేదు, ఉపదేశం లేదు.

కేదారికి బెంగుళూరులో గ్రానైటు వ్యాపారం. అతని రాళ్ళు పరవని పెద్ద హోటలు ఆ ఊళ్ళో తక్కువ. అలాంటి మనిషి గురువారం గురువారం ఇంత దూరం వచ్చి చెప్పులు సర్దుతున్నాడంటే మాటలా? కానీ దర్గాకి వచ్చేవాళ్ళు అతన్ని చూసి, "ఓయ్, అవి కొత్తవి, జాగర్త," అనేసి లోపలికి పోతున్నారు.

వినయం ఉంది. చూసేవాళ్ళు లేరు.

ఇందులో నవ్వడానికి నాకేమీ హక్కు లేదు. పెళ్ళిళ్ళలో వడ్డనకి నిలబడితే ఫొటో తీసేవాడు వచ్చేదాకా గరిటె దించని రకం నేను.

ఒకసారి ఆగలేక కేదారి హజ్రత్‌నే అడిగాడు.

"హజ్రత్, ఈ పని నాకింకా ఎన్నాళ్ళు?"

"నచ్చలేదా బేటా?"

"అయ్యో, నచ్చకేం. నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాననిపిస్తోంది. అహంకారం పోయింది."

హజ్రత్ తలూపారు. "ఎటు పోయింది?" అన్నారు.

కేదారి చేతిలో ఉన్న చెప్పుల జతని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సరే, కనుక్కో," అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి గురువారం కేదారి తన స్పోర్ట్స్ కారులో వచ్చాడు.

ఎర్రది. నేలకి జానెడెత్తున పాకుతున్నట్టుంటుంది. ఇద్దరికే చోటు. తలుపులు పక్కకి తెరుచుకోవు, పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. దాని పేరు ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగలేదు, అందుకని రాయడం లేదు. ఇంట్లో ముసుగేసి దాచుకుని, ఎప్పుడో పండక్కీ పబ్బానికీ బయటికి తీసే బండి. అలా కూర్చోబెట్టిన బండికి బ్యాటరీ తనంతట తానే నీరసించిపోతూ ఉంటుంది. ఆ సంగతి కొన్నప్పుడే చెప్పారు. కొన్నప్పుడు ఎవరు వింటారు?

దర్గా సందు మొదట్లో, చెప్పుల దగ్గర కూర్చుంటే సూటిగా కనిపించే చోట ఆపాడు. దిగి తలుపు దించబోయి ఆగాడు. దించితే అదీ ఒక కారే. రెక్క ఎత్తి ఉంటేనే దాని అందం. లోపల తోలు సీట్లు, వెలిగే తెరలు, నీలం దీపాలు. అలాగే వదిలేసి వచ్చి చెప్పుల దగ్గర కూర్చున్నాడు.

ఆరోజు సేవ మహా బాగా సాగింది.

కారు చుట్టూ మూగినవాళ్ళు "ఎవురిదబ్బా ఇది?" అనుకోవడం, ఎవరో గడప వైపు చెయ్యి చూపించడం, వాళ్ళు నమ్మలేక దగ్గరికి రావడం.

"సార్, మీదా? మీరా సార్ చెప్పులు...?" అంటూ ఎవరి చెప్పులు వాళ్ళే చేతుల్లోకి తీసుకోబోయారు.

"అయ్యో, ఇలా ఇవ్వండమ్మా. ఇక్కడ అందరం ఒకటే," అని కేదారి లాక్కుని మరీ సర్దాడు. ఆ మాట అన్నప్పుడల్లా అతనికి కళ్ళు చెమర్చాయి కూడా.

మధ్యాహ్నం దాటాక అన్నాల ట్రాక్టరు వచ్చింది. గురువారం వచ్చినవాళ్ళందరికీ దర్గాలో భోజనం పెడతారు. వంట గుట్ట కింద చేసి, పెద్ద డేగిసాల్లో అన్నం, దాల్చా పప్పు పైకి తెస్తారు. తెచ్చేవాడు ఓబులేసు. సందు మొదట్లో ఎర్రకారు అడ్డం. ట్రాక్టరు పట్టదు. లోపల విస్తళ్ళ ముందు జనం.

"సార్, రవ్వంత బండి తీస్తారా?"

కేదారి చిరునవ్వుతో లేచి వెళ్ళాడు. కూర్చుని మీట నొక్కాడు. తెరలన్నీ ఒక్కసారి మిణుకుమని ఆరిపోయాయి. లోపలెక్కడో "టిక్" మంది. మళ్ళీ నొక్కితే ఆ టిక్కు కూడా లేదు.

"బ్యాటరీ దిగిపోయినట్టుంది," అన్నాడు.

"దానికేముంది, నూకుతాం. రాండిరా!"

మగవాళ్ళు వచ్చి వెనక చేతులేశారు. కారు కదల్లేదు. దాని బ్రేకు కూడా కరెంటుదే. కరెంటు లేకపోతే పట్టు వదలదు. గేరూ అంతే.

"అయితే నా ట్రాక్టరు బ్యాటరీ నుంచి వైర్లు ఏద్దాం. ముందర మూత లేపండి సార్."

ఆ మూత కూడా కరెంటుతోనే లేస్తుంది. బ్యాటరీ ఉన్నది ఆ మూత కిందే.

ఓబులేసు కాసేపు కారు వంక చూశాడు. "అంటే, తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం ఏసినట్టు," అన్నాడు.

కేదారి బెంగుళూరుకి ఫోను చేశాడు. కంపెనీ మనిషి బహు మర్యాదగా, డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట ఒక చిన్న పెట్టె ఉంటుందనీ, అందులోంచి ఒక కడ్డీ బయటికి లాగి దానికి కరెంటిస్తే మూత లేస్తుందనీ చెప్పాడు. తెల్లచొక్కా కేదారి మోకాళ్ళ మీద కూలబడి, తల కారులోకి దూర్చి, మిగతా మనిషిని వీధిలో వదిలేసి ఆ పెట్టె కోసం తడుముతూ ఉంటే, సందు నిండా జనం పోగయ్యారు. పొద్దున చూసిన జనమే. కానీ ఇప్పుడు ఆకలి మీదున్నారు.

"ఉన్నట్టుండి ఎట్లా దిగిపోతాదబ్బా?" అన్నారెవరో.

"పొద్దన్నించీ రెక్క ఎత్తే ఉండాది. లోపల దీపాలు ఎలగతానే ఉండాయి," అంది చాంద్‌బీ. దర్గాకి విస్తళ్ళు కుట్టి ఇచ్చే ముసలామె.

"తలుపు ఎందుకు తెరిసిపెట్టినారు సార్?" ఓబులేసు అడిగాడు. ఎగతాళి లేదు. మామూలుగానే.

కేదారి తల బయటికి తీశాడు.

"అంటే... లోపల వేడి. గాలాడుతుందని."

"గాలికైతే అద్దం దించితే సాలు గదా."

ఎవరో కిసుక్కుమన్నారు. కేదారి మళ్ళీ తల కారులోకి దూర్చబోయాడు. అప్పటికే హజ్రత్ చేతికర్రతో గడప దిగి వచ్చారు. కేదారి ముఖం వంక ఒకసారి చూశారు.

"ఆ తలుపు నా లెక్కలో వెయ్యి ఓబులేసూ," అన్నారు. "వాణ్ణి ఏమీ అనొద్దు."

సందంతా ఆయన వైపు తిరిగింది.

"మీరా? మీరు తెరిపించినారా?"

హజ్రత్ ఔననలేదు, కాదనలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు.

"బాగుండాది వరస! ఈ వయసులో మీకు కార్ల షోకు ఏంది హజ్రత్?"

"ఆడ లోపల బిడ్డలు ఆకలికి ఏడస్తాంటే!"

"డబ్బున్నోళ్ళు శిష్యులైతే గురువులకైనా కండ్లు మారతాయిలే." ఇది వెనకనుంచి, ఎవరిదో తెలియని గొంతు.

ఆ మాటకి కొందరు తలలు దించుకున్నారు. హజ్రత్ దించుకోలేదు. ఎండకి నెత్తిమీది గుడ్డ సర్దుకున్నారు.

అప్పుడు కేదారికి మొదట కలిగింది సిగ్గు కాదు. హాయి. తన మీంచి చూపులన్నీ పోయాయని ప్రాణం లేచివచ్చింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, ఆ హాయిని తానే గమనించుకున్నాక.

కడ్డీ దొరికింది. ఓబులేసు వైర్లు తగిలించాడు. ముందు మూత నెమ్మదిగా లేచింది. వైర్లు తీసి అసలు బ్యాటరీకి వేశారు. "కాసేపు ఎక్కనివ్వండి సార్, తొందరపడకండి," అంది ఫోను.

ఆ కాసేపు ఉందే, అదే కష్టమైంది. ట్రాక్టరు డుగడుగమంటోంది. జనం ఆ చప్పుడు మీద గొంతు పెంచి హజ్రత్‌ని అంటూనే ఉన్నారు. ఆయన వింటూనే ఉన్నారు.

"హజ్రత్ కాదు," అన్నాడు కేదారి.

ట్రాక్టరు మోతలో ఎవరికీ వినపడలేదు. చెప్పడమైతే చెప్పాను కదా, ఇక నా బాధ్యత ఏముంది అని ఊరుకోవచ్చు. ఊరుకోబోయాడు కూడా.

"ఏమో అంటాండావు నాయనా?" అంది చాంద్‌బీ.

ఇక అరవక తప్పలేదు. "హజ్రత్ కాదమ్మా! నేనే!"

"ఏందో సెప్తాండాడు, ఉండండి," అని ఓబులేసు సరిగ్గా అప్పుడే ఇంజను ఆపాడు.

"మీరంతా చూడాలని నేనే తెరిచిపెట్టాను!"

అంత నిశ్శబ్దంలో ఆ అరుపు గుట్టకి తగిలి, అందులో కొంత తిరిగి కూడా వచ్చింది.

హజ్రత్‌ని అన్నవాళ్ళు కాళ్ళ వంక చూసుకున్నారు. చాంద్‌బీ మాత్రం కారుని ఆ కొసనుంచి ఈ కొసదాకా తీరిగ్గా చూసింది.

"సూసినాంలే నాయనా. బాగుండాది. ఇంగ పక్కకి తియ్, అన్నాలు సల్లారిపోతాండాయి."

కారు స్టార్టయింది. కేదారి రెక్క దించి, ట్రాక్టరు కాస్త తప్పుకోగానే రోడ్డు దాకా పోయి, ఇంజను ఆపకుండా అక్కడే ఒక వారగా నిలిపాడు. ట్రాక్టరు సందులోకి వెళ్ళింది. దాని వెనకే జనం. తిరిగి చూసినవాళ్ళు లేరు.

చివర్న హజ్రత్ కర్ర ఊనుకుంటూ మెల్లగా నడుస్తున్నారు. కేదారి దిగి, పరిగెత్తి ఆయన్ని కలుసుకున్నాడు. చేతులకి నల్లటి మురికి. మోకాళ్ళకి మట్టి.

"హజ్రత్, నా తప్పు మీరెందుకు నెత్తిన వేసుకున్నారు?"

ఆయన నడక ఆపలేదు.

"నువ్వు మోయలేకపోతున్నావనిపించింది. కాసేపు పట్టుకున్నాను."

కొంతదూరం వెళ్ళాక ఆగి, ఊపిరి తీసుకున్నారు.

"బరువుగానే ఉంది బేటా," అన్నారు.