ఇరవై కాయల కొలత

అసూయ ఎలా ఉంటుందో కూడా తెలియని మనిషిని నేను. ఇంత నిర్మలమైన మనసు మా జిల్లాలో ఇంకొకరికి లేదు. ఎదురింటి వాళ్లబ్బాయి కొత్త బండి కొన్నప్పుడు నాకు నాలుగు రోజులు జ్వరం కాసిన మాట నిజమే గానీ, అది దోమల వల్ల కూడా అయ్యుండొచ్చు. సరే, నా సంగతి వదిలేయండి. మా బావ కథ చెబుతాను.

వెంకటాయపాలెం మెయిన్ రోడ్డులో రామలింగం అనే కిరాణా వ్యాపారి ఉండేవాడు. తూకంలో గింజ తేడా రానివ్వని మనిషే గానీ, పక్కవాడి బేరం బాగుంటే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు. మా అక్క సుభద్రని చేసుకున్నాడు కాబట్టి నాకు బావ అయ్యాడు. లేకపోతే ఈ కథ ఇంకా ధైర్యంగా చెప్పేవాణ్ని.

రామలింగం కొట్టులో ఒక పద్ధతి ఉండేది. మామిడికాయల రోజుల్లో ఆడవాళ్లు వచ్చి, "ఇరవై కాయలకి" అనో "యాభై కాయలకి" అనో ఒక్క మాట అని బెంచీ మీద కూర్చునేవారు. కారం ఎంత, ఆవపిండి ఎంత, ఉప్పు ఎంత అనేది చెప్పేవారు కాదు. వాళ్లకి తెలియదు కూడా. అదంతా రామలింగం తలలో ఉండేది. అంతకుముందు వాళ్ల నాన్న తలలో ఉండేది. పోస్టుమాస్టరు గారింట్లో వెల్లుల్లి పడదు. రైసుమిల్లు వాళ్లకి మెంతులు ఎక్కువ పడాలి. పాపాయమ్మ గారింటికి ఆవ ఘాటు తగ్గాలి. అన్నీ కొలిచి పొట్లాలు కట్టి, చివర్లో గుప్పెడు కల్లుప్పు కొసరు వేసేవాడు. ఆ నెల రోజుల బేరమే మిగతా ఏడాదంతా కొట్టుని నిలబెట్టేది.

ఆ ఏడు మాఘమాసంలో సరిగ్గా ఎదురుగా పెద్ద దుకాణం తెరిచారు. దానికి ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది. ఊళ్లో అందరూ అద్దాల కొట్టు అనేవారు. లోపల చల్లగా ఉండేది. సబ్బు నుంచి చాప దాకా అన్నీ ఒకేచోట దొరికేవి, నాలుగు రూపాయలు తక్కువకే దొరికేవి. అన్నిటికంటే వింత, మనిషి దగ్గరికి రాగానే తలుపులు వాటంతట అవే తెరుచుకునేవి.

ఆ తలుపులే రామలింగాన్ని చంపేశాయి. పొద్దున్నే గల్లా దగ్గర కూర్చుని, అవి ఎన్నిసార్లు తెరుచుకున్నాయో లెక్కపెట్టేవాడు. అన్నం తినడానికి లేచినప్పుడు ఆ లెక్క మా అక్కకి అప్పగించి వెళ్లేవాడు.

"రెండొందల పదహారు. ఇక్కణ్ణుంచి నువ్వు చూడు" అనేవాడు.

"చూస్తే ఏం వస్తుంది?" అనేది అక్క.

"ఎవరెవరు వెళుతున్నారో తెలుస్తుంది."

"మనం పిలుస్తామా వాళ్లని?"

"పిలవం. గుర్తుపెట్టుకుంటాం."

పది రోజులకి అతని మంట ఇంకో దారి పట్టింది. తన కొట్టు కూడా అలాగే ఉండాలన్నాడు. బెంచీ తీసేశాడు. సరుకంతా ముందే ప్యాకెట్లు కట్టించాడు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్టలు పెట్టి, "ఎవరికి కావలసినవి వారే తీసుకోవలెను" అని బోర్డు రాయించాడు. కొసరు మానేశాడు. వాకిట్లో ఒక పూల తెర కట్టి, ఎవరైనా మెట్టు ఎక్కగానే తాడు లాగమని మా అక్కని పక్కన నిలబెట్టాడు.

అక్క రెండు రోజులు లాగింది. మూడో రోజు తాడు అతని చేతిలో పెట్టి, "నన్ను నాటకం కంపెనీలో ఎప్పుడు చేర్పించారు?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఉన్న నలుగురు బేరగాళ్లూ కూడా తగ్గారు. చల్లదనం, చవక కావాలనుకునేవాళ్లు ఎదురు కొట్టుకి వెళ్లారు. కూర్చుని రెండు మాటలు మాట్లాడుకోవాలనుకునేవాళ్లకి బెంచీ లేదు. "ఈసారి ఆవకాయ బేరం కూడా పోతే కొట్టుకి తాళమే" అని రామలింగం ఒకరోజు పైకే అన్నాడు. అక్క తలుపుకి వేలాడుతున్న తాళం వైపు చూసింది. ఆ తాళం తాటికాయంత ఉండేది. వాళ్ల మామగారు కొన్నది. ఒక్కరోజు కూడా పగలు వేసి ఎరగరు.

చైత్రం వెళ్లింది. కాయలు దిగాయి. ఒక మధ్యాహ్నం నీలవేణి రోడ్డు దాటి వచ్చింది. నీలవేణి పాపాయమ్మ గారి మనవరాలు, తల్లీ తండ్రీ లేని పిల్ల. అద్దాల కొట్టులో ఉద్యోగం వచ్చాక ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతోందని వీధిలో అందరికీ తెలుసు.

"బాబాయ్ గారూ, మీతో ఒక పనిబడింది" అంది. "అందరూ మా దగ్గరికొచ్చి ఇరవై కాయలకి ఇవ్వమంటున్నారు. మా మేనేజరు పై ఊరి నుంచి వచ్చినాయన. పాపం, కాయలు ఏ అరలో పెట్టామా అని వెతుకుతున్నాడు."

రామలింగానికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

"కొలత ఎంతో మా అమ్మమ్మని అడిగితే, నాకేం తెలుసే, రామలింగాన్ని అడుగు అంది. మీరు చెబితే కాయితం మీద రాసి గోడకి అంటిస్తాం. కింద మీ పేరు వేస్తాం. అందరికీ నమ్మకంగా ఉంటుంది."

అతని నవ్వు ఆగిపోయింది. తన తలలో ఉన్న ఒక్కగానొక్క ఆస్తి కూడా ఆ అద్దాల మీదకి ఎక్కాలా అనుకున్నాడు. కుదరదని చెప్పెయ్యబోయాడు. అలా చెప్పినా బాగుండేది.

సరిగ్గా అప్పుడు బియ్యం బస్తా మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎవరని ఇప్పుడే అడగకండి. అతను రామలింగం చెవి దగ్గరికి వంగి, "ఉప్పు సగం చెప్పు. ఊరగాయ బూజు పడితే అందరూ ఆ కొట్టుని తిట్టుకుంటూ నీ దగ్గరికే వస్తారు" అన్నాడు.

రామలింగం ఒక్క క్షణం తరాజు వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"రాసుకో. ఇరవై కాయలకి కారం కిలో. ఆవపిండి కిలో. ఉప్పు... అరకిలో."

"అరకిలో చాలా బాబాయ్ గారూ?"

"చాలు."

ఆ పిల్ల అరచేతిలో కాయితం పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. వెళుతూ, "మీరు మంచివారు కాబట్టి చెప్పారు. మా మేనేజరు అయితే చెప్పరన్నాడు" అంది.

ఊరంతా ఆ కాయితం చూసి ఆవకాయ పెట్టింది. కింద రామలింగం పేరు ఉంది కదా మరి. మూడో నాడు జాడీ తిరగకలిపి నాలుక మీద వేసుకుంటే, ఉప్పు వెనకబడిన సంగతి ఎవరికైనా తెలుస్తుంది. పాపాయమ్మ గారికీ తెలిసింది. గుప్పెడు కల్లుప్పు చేతిలోకి తీసుకుంది కూడా. అంతలో ఆగి, మళ్లీ డబ్బాలో పోసేసింది.

"రామలింగం కొలత తప్పదే. నా నాలుకే మొద్దుబారి ఉంటుంది" అంది మనవరాలితో.

ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ అదే జరిగింది. నాలుకని కాదని పేరుని నమ్మారు.

తొలకరి పడింది. నాలుగు ముసుర్లకి జాడీలు తెల్లగా బూజు పట్టాయి. రామలింగం బోర్డు తీసేసి, బెంచీ మళ్లీ వేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఊరంతా తిట్టుకుంటూ తన మెట్లెక్కుతుందని చూశాడు.

ఊరు అతని మెట్లెక్కలేదు. మామిడికాయల రోజులు అయిపోయాక అతని దగ్గర ఎవరికి ఏం పని? ఏడాదికి సరిపడే ఊరగాయ పోయింది, రేపు అన్నంలోకి ఏదో ఒకటి కావాలి. అద్దాల కొట్టులో సీసా పచ్చళ్లు గోడెత్తున పేర్చి ఉన్నాయి. జన్మలో ఊరగాయ కొని ఎరగనివాళ్లు కూడా సంచులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆ వారం ఆ తలుపులు మూసుకోవడానికి తీరికే దొరకలేదు. రామలింగం లెక్కపెట్టడం మానేశాడు.

ఒకరోజు పాపాయమ్మ గారు రెండు సీసాలు కొంగు చాటున పెట్టుకుని బయటికి రావడం చూశాడు. అవి పచ్చడి సీసాలు కానట్టు ఆవిడ నడుస్తోంది. ఇతన్ని చూసి దగ్గరికి వచ్చింది.

"నాయనా రామలింగం, నీకు మొహం ఎలా చూపించాలో తెలియట్లేదు" అంది.

"అదేంటి పిన్ని గారూ?"

"మా పిల్ల నీ కొలత తప్పు రాసుకుంది. నీ పేరుకి మచ్చ తెచ్చింది. రామలింగం తప్పు చెప్పడు, ఈ పిల్లే తప్పు రాసిందని ఊరంతా అంటున్నారు. రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడట మేనేజరు. పోతే పోయింది. నువ్వు మాత్రం మనసులో పెట్టుకోకు."

రామలింగం ఎదురు కొట్టు వైపు చూశాడు. తను దెబ్బ తీద్దామనుకున్న కొట్టు పచ్చగా ఉంది. దెబ్బ తిన్న మనిషి తననే క్షమించమంటోంది. ఒప్పుకుంటే పోయేది వాళ్ల నాన్న నాడు సంపాదించిన పేరు. ఒప్పుకోకపోతే పోయేది ఆ పిల్ల అన్నం.

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాడు. ఆ కొట్టు గడప తొక్కడం అదే మొదలు. తలుపులు అతని కోసం కూడా తెరుచుకున్నాయి. వరసలో ఉన్న పాతిక మంది తలలు తిప్పి చూశారు. లోపల నీలవేణి, తలవంచుకుని, గోడకి అంటించిన కాయితం గోటితో గీకుతోంది.

"ఆ పిల్ల సరిగ్గానే రాసుకుంది" అన్నాడు రామలింగం మేనేజరుతో, అందరికీ వినబడేలా. "తప్పు చెప్పింది నేను. పొరపాటున కాదు. మీ బేరం చూడలేక, కావాలనే చెప్పాను."

 వెనకాలే వచ్చిన పాపాయమ్మ గారు ముందుగా నోరు తెరిచింది.

"అయితే నా నాలుక బాగానే ఉందన్నమాట" అంది. తర్వాత నెమ్మదిగా, "ఉప్పు తగ్గించావని కాదబ్బాయ్. నిన్ను నమ్మి, నన్ను నేను నమ్మడం మానేశాను చూడు, అది బాధగా ఉంది" అంది.

నీలవేణి ఉద్యోగం నిలబడింది. రామలింగం పేరు నిలబడలేదు. ఆ వానాకాలమంతా అతని బెంచీ మీద కోడి తప్ప ఎవరూ కూర్చోలేదు. అక్క మామగారి తాళం రెండుసార్లు పగలు పడింది. రెండుసార్లూ అక్కే వెళ్లి తీసింది.

మళ్లీ మామిడికాయలు వచ్చాయి. ముందుగా పాపాయమ్మ గారు వచ్చి, బెంచీ మీద కూర్చుని, "ఇరవై కాయలకి" అంది. అతను తలెత్తకుండా కొలిచాడు. గుప్పెడు కల్లుప్పు కొసరు వేశాడు.

"ఇంకో గుప్పెడు వెయ్యి. పోయిన ఏటిది" అంది ఆవిడ.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరూ రాలేదు. సబ్బులూ బిస్కెట్లూ ఇప్పటికీ అద్దాల కొట్టులోనే కొంటారు. పెద్ద దుకాణం మా ఊరికి మంచి చేసిందా చెడు చేసిందా అని టీ బడ్డీ దగ్గర ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. నీలవేణి లాంటి పిల్లలు ఆరుగురికి పని దొరికిందని కొందరంటారు. మూడు చిన్న కొట్లు మూతపడ్డాయని ఇంకొందరంటారు. రెండూ నిజమే. కానీ ఆ ఏడు ఊరి ఊరగాయ పాడుచేసింది మాత్రం ఆ దుకాణం కాదు.

ఇక ఆ బస్తా మీద మనిషి సంగతి. మా బావ అంతమంది ముందు తన తప్పు ఒప్పుకున్నాడు గానీ, ఆ ఉపాయం చెప్పినవాడి పేరు ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా చెప్పలేదు. అక్క ఇది చదివే లోపల నేనే చెప్పేస్తాను. ఆ మనిషిని నేనే. నీలవేణికి వచ్చిన ఉద్యోగానికి నేనూ వెళ్లాను. పావుకిలో అంటే ఎన్ని గ్రాములని అడిగారు. కిరాణా కొట్టు బావమరిదిని, డిగ్రీ చదివినవాణ్ని, రెండు వందలు అన్నాను. నా పక్క కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల సరిగ్గా చెప్పింది, నవ్వకుండా చెప్పింది. ఆ నవ్వకపోవడాన్నే నేను భరించలేకపోయాను.

పొరుగువాడి మీద అసూయతో మనం పోసే విషం వాడి గడప దాకా వెళ్లదు. ముందు మనల్ని నమ్మినవాళ్ల కంచంలోనే పడుతుంది.